పద్నాలుగో అధ్యాయంలో నవ్వు

మార్చి 2

తాతయ్యా,

ఫోన్ చేస్తే "ఊఁ, ఆఁ, మీ అమ్మకిస్తున్నా" తప్ప నీ నోట్లోంచి నాలుగో మాట రాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నువ్వు కాస్త మనుషుల్లో పడతావు.

'పొద్దెరగని దొర'ని సినిమా తీస్తున్నారు. పోయిన సెలవుల్లో నీ బల్ల మీద వదిలేసి వచ్చాను చూడు, లావుపాటి పుస్తకం, అదే. మూడొందల ఏళ్ళుగా చావకుండా, ఎండ తగలకుండా, మనుషుల నెత్తురు మీద బతికే ఆయన కథ. అడక్కుండా ఎవరి ఒంటి మీదా పన్ను వెయ్యని మర్యాదస్తుడు. అలాంటివాళ్ళు మనుషుల్లో కూడా లేరు. పొద్దస్తమానం ఆస్పత్రి ల్యాబులో జనానికి సూది గుచ్చేదానివి, నెత్తురు తాగేవాడి మీద నీకింత పిచ్చేమిటే అని మా హెడ్ నర్సు అడిగింది. ఇద్దరిదీ ఒకటే పని, ఆయనది సొంతం, నాది ఉద్యోగం అన్నాను.

మా పాఠకుల సంఘం సంగతి నీకు తెలుసుగా. ఆదివారం ఆదివారం లైబ్రరీ మేడ మీద గదిలో ముప్పైమందిమి కూడతాం. నేను కార్యదర్శిని. పుస్తకం రాసినావిడకి మేమంటే అభిమానం. ఆవిడ నిర్మాతతో ఒక మాట కుదుర్చుకుంది. ఏప్రిల్ ఆఖరి ఆదివారం లోపల సంఘమంతా ఒక్క మాట మీద ఒక నటుడి పేరు చెబితే దొర వేషం అతనిదే. మాట కుదరకపోతే నిర్మాత తన అల్లుడితో వేయిస్తాడు. ఆ అల్లుడు ఇప్పటికి రెండు సినిమాల్లో చేసిన పనల్లా మోటారు సైకిలు దిగడం, జుట్టు దువ్వుకోవడం. మన దొర అతని పాలబడితే నేను ఆ పుస్తకం మొహం ఇక చూడలేను.

ముప్పైమందీ రెండు ముక్కలయ్యారు. మా వైపు నాటకాలాయన. పాతికేళ్ళుగా రంగస్థలం మీద ఉన్న మనిషి, గొంతెత్తితే కిటికీ అద్దాలు కదులుతాయి. అవతలివైపు, బ్యాంకు గుమస్తా ఒకాయన వెనకేసుకొస్తున్న పేస్టు హీరో. ఎప్పుడు చూసినా పళ్ళపొడి ప్రకటనలా తెల్లగా నవ్వుతుంటాడే, ఆయన. దొర పాత్రకి ఆ నవ్వు ఏమిటి, నా తలకాయ.

ఇద్దరి ఫొటోలూ కత్తిరించి పంపుతున్నాను. యాభై ఏళ్ళుగా జనానికి పళ్ళు కడుతున్నావు. కోరల సంగతి నీకన్నా తెలిసినవాళ్ళెవరు? ఎవరైతే బాగుంటుందో రాయి. నాటకాలాయన అనే రాస్తావని తెలుసు, అయినా నీ చేత్తో కావాలి.

నీ పిచ్చుక


మార్చి 8

పిచ్చుకకి,

ఉత్తరం అందింది. మీ అమ్మ పైకి చదవబోతే లాక్కున్నాను. మేం బాగున్నాం. నువ్వు బాగున్నావని ఉత్తరం లావు చూసి అనుకున్నాను.

ఆ పుస్తకం చదివాను. రెండుసార్లు. ఎవరూ అడగలేదు, చెప్పలేదు. ఐదో తరగతితో మా ఊరి బడి అయిపోయింది. ఇంత లావు పుస్తకం ముట్టడం ఇదే మొదలు. అంచుల్లో నీ పెన్సిలు రాతలు కూడా వదల్లేదు.

పద్నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. దొర ఆ ఇంటి పిల్లకి లెక్కలు చెబుతుంటాడు కదా. ఎన్నడూ నోరు తెరిచి నవ్వడు. ఆ పిల్ల "మీ నీడ ఎక్కడ పారేసుకున్నారు మేష్టారూ, మా అమ్మకి చెబితే వెతికిపెడుతుంది" అంటుంది. దొర నవ్వేస్తాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోతాడు. చెయ్యి లేచేసరికి ఇంటిల్లిపాదీ కోరలు చూసేస్తారు. రాసినావిడ ఎవరో గానీ నోటి సంగతి ఎరిగిన మనిషి.

ఆ చెయ్యి ఆలస్యంగా లేవాలి. అది వచ్చినవాడికే వేషం ఇవ్వాలి. గొంతుదేముంది.

ఫొటోలు భూతద్దం పెట్టి చూశాను. నువ్వు కొట్టిపారేసినాయనే సరైనవాడు. పేస్టు అంటున్నావే, ఆయన. కారణం అడక్కు.

ఇక్కడ గదికి సున్నం వేయించాం. పళ్ళ అచ్చులన్నీ దించి మళ్ళీ అరల్లో సర్దేసరికి నడుం పట్టేసింది.

తాత


మార్చి 16

తాతయ్యా,

నా పరువు గంగలో కలిపావు.

నీ కవరు నేను విప్పను కూడా విప్పలేదు. నాటకాలాయన అనే రాసి ఉంటావని ఎంత ధీమానో. ఇవాళ మీటింగులో లేచి నిలబడి, పళ్ళు కట్టడంలో యాభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి మాట వినండి అని, అందరి ముందూ చింపి, గొంతు సవరించుకుని మరీ చదివాను. 'నువ్వు కొట్టిపారేసినాయనే సరైనవాడు' దగ్గరికి వచ్చాక నా గొంతు పిల్లి గొంతైపోయింది. బ్యాంకు గుమస్తా కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. కార్యదర్శిగారి సొంత తాతే మా వైపున్నాడు, ఇంకేం కావాలి అన్నాడు. నడుం పట్టేసిందని రాశావు చూడు, అది కూడా చదివేశాను. తాతగారి నడుం ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు.

అసలు ఎందుకు తాతయ్యా? అమ్మకి ఫోన్ చేసి అడిగాను. నవ్వేసి, ఒకప్పుడు నాకు ఆయన సినిమాలంటే ఇష్టమే గానీ మీ తాత ఒక్కటీ చూసిన పాపాన పోలేదు అంది. మరి చూడనివాడిని ఎలా వెనకేసుకొస్తున్నావు? పోనీ ఆయనైనా ఉబలాటపడుతున్నాడా అంటే, గుమస్తా రాసిన రెండు ఉత్తరాలకీ 'ఆ వేషం నాకు నప్పదు' అని రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. పెళ్ళికొడుకే వద్దంటుంటే పెళ్ళి పెద్దల హడావుడి.

సరే, నీకొక పని. నాటకాలాయన ఏప్రిల్ ఆరున మా గదిలో పద్నాలుగో అధ్యాయం చదివి నటించి చూపిస్తానన్నాడు. ఆయనకి కోరలు కావాలి. మా ఆస్పత్రి పళ్ళ డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడి ఆయన నోటి అచ్చు తీయించాను. దూదిలో చుట్టి పంపుతున్నాను. నీ చేతి కోరలు పెట్టుకుని ఆయన నిలబడితే గుమస్తా కుర్చీ దిగి బెంచీ కిందికి పోవాలి. అలక ఉన్నా నమ్మకం నీ మీదే.

పిచ్చుక


మార్చి 24

పిచ్చుకకి,

ముప్పైమంది ముందు చదివావని తెలిసి చెవులు కాలాయి. రెండు రోజులు వీధిలోకి వెళ్ళలేదు. వాళ్ళెవరికీ నేను తెలియదు, అయినా వెళ్ళలేదు. ఈ ఉత్తరం మాత్రం చదవకు.

అచ్చు అందింది. దూది మంచి పని. ముప్పైరెండూ ఉన్నాయి. గుర్రానికి కూడా అంత గట్టివి ఉండవు. అక్కడే చిక్కు. ఉన్న పళ్ళ మీద కోరలు తొడగాలి. ఎంత పల్చగా చేసినా పై పెదవి లేస్తుంది. నాలుక తడబడుతుంది. కొత్త పళ్ళకి నాలుక అలవాటు పడాలంటే వారం రోజులు. రోజూ పూటకో గంట పెట్టుకుని పేపరు పైకి చదవమను. పెట్టుకోకుండా నేరుగా సభలో దిగితే నవ్వులపాలవుతాడు. ఇది తప్పక చెప్పు.

పళ్ళు లేనివాడికైతే ఈ గొడవ లేదు. సెట్టులోనే, వరసలోనే కోర పెట్టేయొచ్చు. అమ్మ కడుపులోంచి కోరలతో పుట్టినట్టుంటుంది.

పుస్తకంలో ఒకటి గమనించావా. దొర భోజనాల బల్ల దగ్గర కూర్చోడు. ఎవరైనా వస్తే మొహం పక్కకి తిప్పుకుంటాడు. మా షాపుకి వచ్చేవాళ్ళూ అంతే. కొత్తగా పళ్ళు కట్టించుకున్నవాళ్ళు ఆరునెలలు చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతారు. పదేళ్ళు అలా నవ్వినవాళ్ళు కూడా తెలుసు నాకు. మీ అమ్మకి ఈ మాట చెబితే, నాన్నా, నువ్వు ఇవాళ ఏకంగా ఏడు వాక్యాలు మాట్లాడావు అంది.

కోరలకి మీ అమ్మే సాన పట్టింది. నీలం డబ్బాలో పెట్టాను.

తాత


ఏప్రిల్ 6

తాతగారికి,

మీరు పంపిన కోరలు అందాయి. ఇవాళ వాటితో ఏం జరిగిందో తెలిస్తే మీకు సంతోషంగా ఉంటుందేమో, అందుకని రాస్తున్నాను.

నాటకాలాయన నల్లకోటు వేసుకుని వచ్చారు. కిటికీలకి దుప్పట్లు కట్టాం. ఆయన వెనక్కి తిరిగి కోరలు పెట్టుకుని, ముందుకి తిరిగి మొదటి వాక్యం అందుకున్నారు. నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. రెండో వాక్యానికి తుంపర్లు ముందు వరస దాకా వచ్చాయి. నవ్వాల్సిన చోట నవ్వబోతే ఎడమ కోర ఊడి లైబ్రేరియన్‌గారి టీ కప్పులో పడింది. ముప్పైమందీ నవ్వారు, మా వైపువాళ్ళు కూడా. పాతికేళ్ళు స్టేజీ మీద ఉన్న మనిషి కోటు విప్పేసి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

బ్యాంకు గుమస్తా ఏమన్నాడో తెలుసా? "తాతగారు మా వైపని ముందే రాశారు కదమ్మా, పాపం ఆయన చెయ్యాల్సింది ఆయన చేశారు." అందరూ అదే అనుకుంటున్నారు. నాకు అలా అనుకోవాలని లేదు. కానీ మీరు పళ్ళు కడితే పెళ్ళిలో చెరుకు కొరికిన ముసలమ్మలున్నారని అమ్మే చెబుతుంది. అలాంటి చేతులు ఇదొక్కటే ఎందుకిలా చేశాయి?

మీ ఉత్తరంలో పేపరు చదివించమన్నారని ఇప్పుడు అనకండి. ఆయన అంత పెద్ద నటుడు, ఆయనకి నేను పాఠం చెప్పడమేమిటని చెప్పలేదు. మంచి కోరలకి అన్ని జాగ్రత్తలు దేనికి?

ఇంక మూడు వారాలే ఉంది. ఇప్పుడు మా వైపు పేరు లేదు, అవతలివైపు పేరున్నాయన రానంటున్నాడు. అల్లుడుగారు అప్పుడే జుట్టు దువ్వుకుంటూ ఉంటాడు.

ఇట్లు,
మీ మనవరాలు


ఏప్రిల్ 11

పిచ్చుకకి,

'మీరు' అన్నావు. ఎన్నిసార్లన్నావో లెక్కపెట్టాను. నువ్వు మాట నేర్చిన దగ్గర్నుంచీ ఇదే మొదలు.

యాభై ఏళ్ళలో ఒక్క సెట్టు కూడా చెడగొట్టి ఇవ్వలేదు. పడనివాడికి కూడా సరిగానే కట్టాను. ఇంతకన్నా చెప్పడం రాదు.

ఆయన్ని ఎందుకన్నానో చెబితే నీ కోపం క్షణంలో పోతుంది. చెప్పను. నాకు పని నేర్పినాయన మొదటి రోజున మైనం ముట్టనివ్వలేదు. గుమ్మంలో కూర్చోబెట్టి, పళ్ళు కట్టేవాడు ముందు తన నోరు కట్టుకోవాలి అన్నాడు. అందుకే మా అరల్లో అచ్చుల మీద పేర్లుండవు. అంకెలే. ఏ అంకె ఎవరిదో నా తలలోనే ఉంటుంది. మీ అమ్మకి కూడా తెలియదు. పెళ్ళాలకి తెలియకుండా సెట్టు కట్టించుకున్న మొగుళ్ళున్నారు. మొగుళ్ళకి తెలియని పెళ్ళాలూ ఉన్నారు. అన్నీ నాతోనే పోతాయి.

ఒక పని చెయ్యి. నీ పేరు మీద ఆ పేస్టు ఆయనకి ఒక ఉత్తరం రాయి. ఆఖరి ఆదివారం రమ్మను. గుమస్తా రాసినట్టు మీరు అందగాడు, మీరు గొప్ప అని రాయకు. దొర ఎందుకు చెయ్యి అడ్డం పెట్టుకుంటాడో మీకు తెలిసే ఉంటుంది, వచ్చి చూపించండి అని మాత్రం రాయి.

నేను నాలుగు రోజులు షాపు తలుపు మూస్తున్నాను. ఒక పాత అంకెకి కొత్త సెట్టు చెయ్యాలి. చాలా కాలానికి చేతులు ఉబలాటపడుతున్నాయి. పొద్దున్నే లేచి మైనం కరగబెట్టాను. మీ అమ్మ నన్ను చూసి, ఏమిటి నాన్నా, పెళ్ళివారింటికి బయలుదేరినట్టున్నావు అంది.

తాత


ఏప్రిల్ 17

తాతయ్యా,

నువ్వు. నువ్వు. నువ్వు. నువ్వు. ఇంకా ఎన్ని బాకీ ఉన్నానో చెప్పు, అన్నీ రాస్తాను.

నీ ఉత్తరం చదివాక నాకు అంతా అర్థమైంది. నువ్వు నోరు కట్టుకున్నా నాకు తెలిసిపోయింది. నాటకాలాయన నోటి అచ్చులో నువ్వేదో చూశావు. చిగుళ్ళలో ఏదో జబ్బు. అందుకే ఆయన వద్దన్నావు, అందుకే కారణం చెప్పలేదు. అందుకే కోర ఊడింది. నేనొక మూర్ఖురాలిని, నిన్ను అనరాని మాటలన్నాను.

నేను ఈ సంగతి ఒక్కరికే చెప్పాను, మా కోశాధికారి అక్కకి. అది కూడా ఒట్టు వేయించుకుని. మర్నాటికల్లా సంఘమంతా పాకింది. లైబ్రేరియన్‌గారు ఆ టీ కప్పు పారేశారట. నిన్న పొద్దున నాటకాలాయన మొహం సున్నంలా చేసుకుని మా ల్యాబుకి వచ్చారు. అన్ని పరీక్షలూ చెయ్యండమ్మా, ఏదున్నా దాచకండి అన్నారు. నాలుగు సీసాల నెత్తురు నేనే తీశాను. ఫలితాలన్నీ బాగానే వచ్చాయి తాతయ్యా. కానీ ఆయన నమ్మడం లేదు. ల్యాబు దాస్తోందనుకుంటున్నారు. నాకేదో అయిందని తెలిసినవాడు ఒకడున్నాడట కదా అని అడిగారు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆయన జబ్బేమిటో నాకైనా చెప్పు.

పేస్టు హీరోకి నువ్వు చెప్పినట్టే రాశాను. జవాబు లేదు.

నీ పిచ్చుక


ఏప్రిల్ 20

పిచ్చుకా,

ఆయనకి ఏ జబ్బూ లేదు. నీ బుర్రకే ఉంది.

ముప్పైరెండూ గట్టివని మార్చిలోనే రాశాను. గుర్రం అన్నాను. పళ్ళు బాగుండటమే ఆయన తప్పు. కోర ఊడింది పేపరు చదవనందుకు. ఈ ఉత్తరం అందగానే లేచి ఆయన ఇంటికి వెళ్ళు. ఫోన్ చెయ్యకు, వెళ్ళు. గుర్రం అన్న ఉత్తరం, ఈ ఉత్తరం, రెండూ చూపించు. ఆయన దగ్గర సిగ్గుపడను. ఆయన తిట్టినన్ని తిట్లు తిను. తిట్టాక టీ అడుగు. ఇవ్వకపోతే మళ్ళీ వెళ్ళు.

నేను అన్నది ఆయన నోటి గుట్టు కాదు. ఎవరిదో అడక్కు.

నీ పుస్తకం ఒకరికి ఇచ్చాను. అడక్కుండా ఇచ్చినందుకు ఏమీ అనుకోకు. తిరిగి వస్తుంది.

తాత


ఏప్రిల్ 28

తాతయ్యా,

వరసలో చెబుతాను, నన్ను తొందరపెట్టకు. నువ్వు తొందరపెట్టవు, నేనే నన్ను తొందరపెట్టుకుంటున్నాను. పొద్దుట్నుంచీ ల్యాబులో ముగ్గురికి ఒకే చేతికి రెండుసార్లు సూది గుచ్చాను.

ముందు నాటకాలాయన సంగతి. నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. అరగంట తిట్టారు. అంత అందంగా తిట్టడం మరొకరికి రాదు, పై వాటా వాళ్ళు కిటికీ తెరుచుకుని విన్నారు. తర్వాత నీ ఉత్తరాలు చదివారు. గుర్రం దగ్గర ఆగి, నోరు తెరిచి అద్దంలో చూసుకున్నారు. మీ తాత మనిషిని చూడకుండా మెచ్చుకున్నాడే అన్నారు. టీ ఇచ్చారు.

ఇక నిన్న. గదిలో కూర్చోడానికి చోటు లేదు. రాసినావిడ స్వయంగా వచ్చింది, చేతికర్ర ఊతంగా పట్టుకుని చివర కూర్చుంది. నిర్మాత అల్లుడు కూడా వచ్చాడు. అద్దం ఉన్న స్తంభం పక్కనే కుర్చీ చూసుకున్నాడు. పదకొండైంది, పదకొండున్నర అయింది. ఎవరూ రారని, ఇక లాభం లేదని రాయడానికి నేను కలం కూడా తీశాను.

మెట్ల మీద చప్పుడైంది. పేస్టు హీరో. ఒక్కడే, టోపీ పెట్టుకుని, చంకలో ఒక పుస్తకం, చేతిలో ఒక నీలం డబ్బా. ఎవరికీ నమస్కారం కూడా పెట్టలేదు. గుమస్తా దండ పట్టుకుని ఎదురెళ్తే పక్కకి జరిగాడు. బల్ల దగ్గర వెనక్కి తిరిగి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని, ముందుకి తిరిగాడు. మొహంలో ఏ తేడా లేదు. పెదవి లేవలేదు. అప్పుడు పద్నాలుగో అధ్యాయం మొదలుపెట్టాడు. మాట ఒక్కటి తడబడలేదు తాతయ్యా. చిన్నగా, పక్కింటాయన గోడ మీంచి మాట్లాడినట్టు చదివాడు. పిల్ల మాట వచ్చింది. మీ నీడ ఎక్కడ పారేసుకున్నారు మేష్టారూ. ఆయన నవ్వాడు.

అది పేస్టు నవ్వు కాదు. ఆ నవ్వు ఎవరూ ఏ సినిమాలోనూ చూసి ఉండరు. లోపలెక్కడో ఉన్నది బయటపడిపోయింది. చెయ్యి లేచింది. ఆలస్యంగా. నువ్వు రాసినట్టే. కోరలు అందరం చూశాక లేచింది, లేచి సగంలో ఆగిపోయింది, ఇంక మూసి ఏం లాభం అన్నట్టు. ఆ వెనక ఆయన కళ్ళు. నా పక్కనున్న కోశాధికారి అక్క నా మోచెయ్యి పట్టుకుని గిల్లింది, ఇవాళ్టికీ కమిలి ఉంది.

అల్లుడు మాత్రం ఊరుకోలేదు. అవి అతికించిన కోరలు, కెమెరా ముందు అరగంటకి ఊడతాయి, మొన్న ఒకాయనవి టీలో పడ్డాయట కదా అన్నాడు.

పేస్టు హీరో పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత ఒక పని చేశాడు తాతయ్యా. రెండు వేళ్ళు నోట్లో పెట్టి, మొత్తం సెట్టు బయటికి తీసి, బల్ల మీద కాగితం పరిచి పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఒక్కసారిగా ఎనభై ఏళ్ళవాడు మా ముందు నిలబడ్డాడు. ఆ నోటితోనే మాట్లాడాడు.

"ఊడ్డానికి నాకు పళ్ళు లేవు బాబూ. ఇరవై ఆరో ఏట లారీ గుద్దింది. మీరు పాతికేళ్ళుగా ఎగతాళి చేస్తున్న నవ్వు ఒకాయన చేతిపని. ఈ వేషానికి అచ్చు తీయించుకోమంటే పదిమందికి తెలుస్తుందని రానన్నాను. మొన్న ఈ డబ్బా వచ్చింది, ఈ పుస్తకం వచ్చింది, ఉత్తరం లేదు. ఆయన పేరు చెప్పను. ఆయన పాతికేళ్ళు నా పేరు చెప్పలేదు."

మళ్ళీ పెట్టుకుని, పుస్తకం తెరిచి, దీని అంచున ఎవరో పెన్సిలుతో రాశారు, అది చదివాకే రావాలనిపించింది అన్నాడు. చదివాడు. 'ఇప్పుడు ఎవరైనా లేచి వెళ్ళి ఆయన చెయ్యి కిందికి దించితే బాగుండు.'

నా రాత తాతయ్యా. నాకు పదిహేడేళ్ళప్పుడు రాసింది.

నేను లేవలేకపోయాను. లేచింది ఎవరో తెలుసా? నాటకాలాయన. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, ఇది నా వల్ల కాదయ్యా, ఇది నీదే అని అందరికీ వినపడేలా అన్నారు. ఆయన అంటే వినపడకపోవడం అనేది ఉండదుగా. ముప్పై చేతులూ లేచాయి. రాసినావిడ చేతికర్ర ఎత్తింది. అల్లుడు కూడా అలవాటుగా చెయ్యెత్తి, వెంటనే జుట్టు సర్దుకున్నాడు.

అందరూ ఆయన చుట్టూ మూగితే నేను బల్ల దగ్గరికి వెళ్ళి ఆ నీలం డబ్బా తిప్పి చూశాను. నాకు పంపిన డబ్బా లాంటిదే. అడుగున నీ నీలం పెన్సిలుతో 211 అని ఉంది. ఒకట్లు తాళపుచెవుల్లా వంకరగా రాస్తావు చూడు, అలాగే.

అది ఆయన అంకేనా? ఒక్క మాట చెప్పు. నేను ఎవరికీ చెప్పను. కోశాధికారి అక్కకి కూడా.

నీ పిచ్చుక


మే 4

పిచ్చుకకి,

నీ ఉత్తరం షాపులో నిలబడే చదివాను. తర్వాత కూర్చుని చదివాను. మీ అమ్మ అడిగితే ఇచ్చేశాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఒకప్పుడు ఆయన నవ్వు కోసమే సినిమాలకి వెళ్ళేదాన్ని, ఆ నవ్వు మన బల్ల మీదే పుట్టిందని తెలియదు నాన్నా అంది. నేను మైనం కరుగుతోందో లేదో చూడ్డానికి లోపలికి వెళ్ళాను. లోపల మైనమేమీ లేదు.

211 గురించి అడిగావు. నాకు తెలియదు. ఆయన తనంతట తాను ముప్పైమందికి చెప్పుకున్నాడంటే అది ఆయన నోరు. నాది ఇంకా కట్టే ఉంది.

నాటకాలాయన ఒక కార్డు రాశాడు. తన పళ్ళు ఊడేదాకా నేను బతికి ఉండాలట, తనకీ నేనే కట్టాలట. ఆ పళ్ళు ఊడేసరికి నాకు నూటయాభై ఏళ్ళు వస్తాయని రాశాను. దొరలాగా ఉండాల్సిందే.

నిన్న ఇంకొక కార్డు వచ్చింది. పేరు లేదు, కింద అంకె ఒకటే ఉంది. పై వరసలో ఎడమ కోర కాస్త గుచ్చుకుంటోందట, షూటింగు మొదలయ్యే లోపల సాన పట్టించుకోవాలట. ఇన్నేళ్ళుగా పెరటి వైపు నుంచి వచ్చేవాణ్ణి, ఈసారి వీధి గుమ్మంలోంచి రావచ్చా అని అడిగాడు. రమ్మన్నాను. శనివారం, పదింటికి.

నీ పుస్తకం కూడా తెచ్చి ఇస్తాడట.

శనివారం నీకు సెలవని మీ అమ్మ చెప్పింది. రావాలనిపిస్తే రా. గుమ్మం దగ్గర కుర్చీ వేస్తాను, వచ్చినవాళ్ళ వివరం నువ్వే రాసుకో. కానీ మా పద్ధతి తెలుసుగా. ఆ మనిషి లోపలికి వచ్చాక పేరు అడక్కు. అంకె అడుగు.

తాత